నందిగామ నుంచి పేటదాకా

కృష్ణా జిల్లా అనగానే పైవూళ్ళవారికి కాలువగట్లూ, వరిచేలూ, అరటితోటలూ కళ్ళకు కడతాయి. ఆ కృష్ణా జిల్లా వేరు, మాది వేరు. బెజవాడ నుంచి హైదరాబాదు రోడ్డు పట్టి, ఇబ్రహీంపట్నం, కంచికచర్ల గడిచి, కీసర దగ్గర మునియేరు వంతెన దాటండి. అక్కడినుంచి నేల రంగు మారుతుంది, మాట తీరూ కాస్త మారుతుంది. నల్లరేగడి మీద పత్తి, మిరప. మధ్యమధ్య గట్టిపడి పైకి తేలిన సున్నపురాయి. ఇదే మెట్ట. దీనికి నందిగామ, జగ్గయ్యపేట రెండు కళ్ళు. 2022 ఏప్రిల్ నుంచి ఇదంతా ఎన్టీఆర్ జిల్లాలో చేరింది గాని, మా పెద్దవాళ్ళు ఇప్పటికీ ఎవరైనా అడిగితే "కృష్ణా జిల్లా మెట్ట" అనే చెబుతారు.

జగ్గయ్యపేటను మేము పేట అంటాం. ఇంకా పేటలు చాలా వున్నాయి గదా అంటే మాకు పట్టదు. నందిగామలో బస్సెక్కి, చిల్లకల్లు దగ్గర పెద్దరోడ్డు వదిలి లోపలికి తిరిగితే పేట. మొత్తం పాతిక ముప్ఫై కిలోమీటర్లు. ఎక్కడా ఆగకపోతే ముప్పావుగంట. నా కాపురమూ, తెలుగు పాఠం చెప్పుకొనే వుద్యోగమూ నందిగామలో. పేటలో మా పాత ఇల్లు, అందులో మా అమ్మ. ఇరవై ఏళ్ళుగా ఈ దారిలో తిరుగుతున్నాను. ఏ మలుపులో ఏ వేపచెట్టు వుందో కళ్ళు మూసుకొని చెప్పగలను. అటువంటి దారి ఒక ఏడాదిపాటు నాకు కాశీయాత్ర కన్న దూరమైపోయింది. ఆ సంగతి చెబుదామనే ఈ వ్యాసం.

మా నాన్నగారు ఒక మాఘమాసపు పొద్దున పెరట్లో ముఖం కడుక్కొంటూ, "కాస్త తల తూలుతున్నదే" అని అమ్మతో అన్నారట. అమ్మ చేతిలో చెంబు కింద పెట్టి వచ్చేలోగా నూతిచప్టా మీద పడిపోయారు. మెదడులో నరం చిట్లిందన్నారు. మూడోనాటికి పోయారు. నేను పెద్దకొడుకుని. పెద్దకొడుకుకు అటువంటప్పుడు చేయించవలసిన పనులూ, చూడవలసిన లెక్కలూ, భోజనాలకు లేవండని బతిమాలవలసిన బంధువులూ చాలామంది వుంటారు. అన్నీ సక్రమంగా జరిగాయని అందరూ అన్నారు. నెల తిరగకుండానే నందిగామ వచ్చి పాఠాల్లో పడ్డాను.

ఆరునెలలు గడిచాయి. భాద్రపదంలో ఒక తెల్లవారుజామున పక్కమీద కుడివైపు ఒత్తిగిలాను. అంతే! పైకప్పూ, పంకా, గోడమీది క్యాలెండరూ అన్నీ కలిసి రంగులరాట్నం ఎక్కి తిరగడం మొదలుపెట్టాయి. మంచం పట్టె రెండు చేతులా పట్టుకొన్నాను. "ఏమండీ, ఏమైందండీ?" అంటున్నది మా ఆవిడ. నోట మాట రాలేదు. ఎదురుగా కనిపించింది నూతిచప్టా.

నందిగామలోనే ఒక డాక్టరుగారు వున్నారు. ముసలాయన, తొందర లేని మనిషి. "కళ్ళు తిరుగుతున్నాయండీ" అన్నాను. ఆయన నవ్వి, "మాస్టారూ, మీరు తెలుగు పండితులు గదా, సరిగ్గా చెప్పండి. గది తిరుగుతున్నదా? మీరు తూలుతున్నారా? లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయా? లేక పడవలో కూర్చున్నట్టు వుందా? ఇవి నాలుగూ నాలుగు జబ్బులు. ఈ కాలంలో వచ్చినవాళ్ళందరూ 'గిడ్డీగా వుంది' అని ఒకేమాట అంటారు. ఆ ఒక్కమాటతో నేనేం వైద్యం చేసేది?" అన్నారు.

ఆ మాట నాకు నచ్చింది. నిజమే, ఈ విషయంలో మన భాష బీదది కాదు. తల తిరగడం, కళ్ళు తిరగడం, దిమ్మెక్కడం, తూలడం, కళ్ళు చీకట్లు కమ్మడం, పైత్యం చేయడం: మా మెట్టలో ముసలమ్మలు వీటిలో ఒకదానికి బదులు ఒకటి వాడరు. (తల తిరిగినవాడు అంటే పొగరుబోతనే అర్థం వుందనుకోండి, ఆ జబ్బుకు డాక్టర్లు లేరు.) ఆయుర్వేదంలో దీని పేరు భ్రమ. రజోగుణమూ, పిత్తమూ, వాతమూ కలిసి భ్రమ పుడుతుందని సుశ్రుతసంహిత చెబుతుంది. పిత్తం, వాతం శరీరానివి. రజస్సు మాత్రం మనసుది. ఈ సంగతి చదివినప్పుడు విశేషంగా తోచలేదు గాని, తరువాత చాలాసార్లు గుర్తు చేసుకొన్నాను.

సరే, డాక్టరుగారు నన్ను బల్లమీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, చటుక్కున వెల్లకిలా పడుకోబెట్టి నా కళ్ళలోకి చూస్తూ కూర్చొన్నారు. గది తిరిగింది, గుడ్లు గిలగిల ఆడాయట. "ఇదే!" అన్నారాయన, పోయిన వస్తువు దొరికినట్టు. మన చెవి లోపల సన్నని సున్నపు పలుకులు వుంటాయి. అవి వుండవలసిన చోటు జారి, పక్కనే వున్న అర్ధచంద్రాకారపు గొట్టాల్లోకి పోతే, తల కదిలినప్పుడల్లా అవీ దొర్లి, మనిషి కదలకపోయినా కదిలినట్టు మెదడుకు తప్పుకబురు పంపుతాయి. ఎప్లీ అనే అమెరికా డాక్టరు వాటిని తిరిగి చోటుకు చేర్చే పద్ధతి కనిపెట్టి 1992లో ప్రకటించాడు. తలను నాలుగు భంగిమల్లో తిప్పడమే. మందు లేదు, సూది లేదు. రెండుమార్లు చేసేసరికి నా రంగులరాట్నం ఆగిపోయింది.

తమాషా ఏమిటంటే, ఆ పలుకులు కాల్షియం కార్బొనేటు, అంటే సున్నపురాతి జాతివే. పేట చుట్టూ నేలలో వున్నదే మన చెవిలోనూ వుందన్నమాట! అందులో పిడికెడైనా అక్కర్లేదు, కంటికి ఆనని నలుసు జారితే చాలు, ఎంతటి పండితుడైనా మంచం పట్టెను కరుచుకొంటాడు.

కథ ఇక్కడితో అయిపోతే ఈ వ్యాసం రాయవలసిన పని లేదు. గది తిరగడం ఆగింది గాని, నేను మాత్రం కుదురుకోలేదు. ఏదీ తిరగడం లేదు. అయినా నేల మెత్తగా, పరుపు మీద నడుస్తున్నట్టు వుంటుంది. కూర్చుంటే ఫరవాలేదు, నిలబడితే పడవ. నందిగామ బజారులో కూరగాయల బండ్లు, మోటారు సైకిళ్ళు, వచ్చేపోయే జనం - ఆ సందడిలోకి అడుగుపెడితే తల లోపల ఏదో పొంగివచ్చేది. పాఠం చెబుతూ బోర్డువైపు తిరిగి, మళ్ళీ పిల్లలవైపు తిరిగేసరికి ఒక చెయ్యి దానంతటదే బల్లను వెతుక్కొనేది. బజారుపని మా ఆవిడ చూసుకోవడం మొదలైంది. శనివారం పేటకు వెళ్ళడం మానేశాను. "పేపర్లు దిద్దుతున్నానమ్మా" అనేవాణ్ణి ఫోనులో. పేపర్లు ఏడాది పొడుగునా వుంటాయా అని ఆవిడ ఎన్నడూ అడగలేదు.

బెజవాడ ప్రయాణాలు మాత్రం తప్పలేదు. తల ఫోటో తీశారు, చెవి పరీక్షలు చేశారు, గుండె చూశారు, నెత్తురు చూశారు, మెడ ఎముకలు చూశారు. అన్నీ బాగున్నాయి. వెళ్ళినప్పుడల్లా కీసర వంతెన. 2023 జులై వరదల్లో మునియేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికే వచ్చి, బండ్లన్నీ ఆగిపోయిన చోటు అది. నేను వెళ్ళిన రోజుల్లో ఏటిలో ఇసుకతిన్నెలూ, వాటి మధ్య సన్నని పాయలూ తప్ప ఏమీ లేవు. అయినా కిటికీలోంచి వంతెన కమ్మీలు గబగబా వెనక్కు పోతుంటే నాకు ఏరు నిండా వరద వున్నట్టే వుండేది. కళ్ళు మూసుకొనేవాణ్ణి. ఒక పెద్ద ఆసుపత్రిలో, పేరెందుకు లెండి, కాగితాలన్నీ తిరగవేసి, "మీకేమీ లేదండీ, హాయిగా ఇంటికి వెళ్ళండి" అన్నారు. ఏమీ లేనివాడు హాయిగా ఇంటికి ఎలా వెళతాడు? ఏదో ఒకటి వుందంటే దానితో పోట్లాడవచ్చు.

మళ్ళీ ముసలి డాక్టరుగారి దగ్గరికే పోయాను. ఆయన ఈసారి నాడి కూడా చూడలేదు. "ఇంట్లో ఈ ఏడాది ఏమైనా జరిగిందా మాస్టారూ?" అన్నారు. నాన్నగారి సంగతి చెప్పాను. నూతిచప్టా దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టుకొన్నది. ఆయన కాసేపు వూరుకొని, "మీరు ఇన్విజిలేషన్ చేస్తారు గదా, ఫ్లయింగ్ స్క్వాడు వచ్చివెళ్ళాక హాలు ఎలా వుంటుంది?" అని అడిగారు.

నాకు బాగా తెలుసు. ఒకసారి స్క్వాడు వచ్చి ఒకణ్ణి పట్టుకొన్నదంటే, ఇక ఆ మూడుగంటలూ ఇన్విజిలేటరుకు ప్రతి పిల్లవాడూ దొంగే. ఒకడు మెడ నొక్కుకొన్నా అనుమానం, చేతిరుమాలు తీసినా అనుమానం.

"మీ మెదడు ఇప్పుడు ఆ ఇన్విజిలేటరు," అన్నారాయన. మనిషి నిలబడటానికి మూడువైపుల నుంచి కబుర్లు అందుతాయి: చెవి లోపలి యంత్రం నుంచి, కళ్ళనుంచి, పాదాలూ కీళ్ళూ కండరాలనుంచి. మామూలుగా ఈ మూడింటినీ మెదడు మన ప్రమేయం లేకుండానే సరిచూసుకొంటుంది. నిలబడ్డ ఏ మనిషీ నిజానికి కదలకుండా వుండడు. కొంచెం ముందుకీ వెనక్కీ వూగుతూనే వుంటాడు, ఆ వూగు తనకు తెలియదు. ఒకసారి నిజంగా తల తిరిగి హడలిపోయినవాడికి మాత్రం మెదడు ప్రతి వూగునూ పట్టుకొని లెక్క రాస్తుంది. కాళ్ళు బిగుసుకొంటాయి. చెవిమీద నమ్మకం పోయి, మెదడు కళ్ళమీద భారం వేస్తుంది. అందుకే బజారులో, వంతెనమీద, కదిలే వస్తువులు ఎక్కువున్నచోట అవస్థ పెరుగుతుంది. భయంతో ఊపిరి గబగబా తీస్తే నెత్తుట్లో బొగ్గుపులుసుగాలి తగ్గి, మెదడు నాళాలు సన్నబడి, తల మరింత తేలిపోతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. భయంవల్ల తూలు, తూలు చూసి భయం. "తిరగలిలా ఆ రెండూ ఒకదాన్నొకటి తిప్పుకొంటూ పోతాయి. చెవి జబ్బు ఎప్పుడో పోయింది, కాపలా మిగిలింది," అన్నారు.

"అయితే ఇదంతా నా మనసు కల్పించుకొన్నదేనా?" అన్నాను, కాస్త రోషంగానే.

"కల్పన అని ఎవరన్నారు? మీ తూలు నిజం. గుండె దడదడలాడితే గుండె నిజంగానే కొట్టుకొంటున్నది గదా!" అన్నారాయన.

దీనికి పెద్ద చరిత్రే వుంది. 1870లో వియన్నాలో బెనెడిక్ట్ అనే వైద్యుడు, విశాలమైన కూడళ్ళు దాటబోతే తల తిరిగే రోగులను గురించి రాసి, దానికి జర్మను భాషలో 'మైదానపు తలతిరుగుడు' అనే అర్థంవచ్చే పేరు పెట్టాడు. మరుసటి ఏడు బెర్లినులో వెస్ట్‌ఫాల్ అదే అవస్థను చూసి, ఇది చెవికి గాని కంటికి గాని సంబంధించింది కాదు, భయానిదన్నాడు. చెవి వైద్యులు ఒకవైపూ, మనోవైద్యులు ఒకవైపూ లాగారు. మధ్యలో రోగి కూడలి దాటలేక నిలబడిపోయాడు. ఆ వియన్నావాడే బారనీ. చెవిలో చల్లనినీళ్ళు పోస్తే ఒక తీరుగా, వెచ్చనినీళ్ళు పోస్తే ఇంకొక తీరుగా తల తిరుగుతుందని కనిపెట్టి, 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందాడు. బహుమతి కబురు అందేనాటికి ఆయన రష్యావారి చెరలో యుద్ధఖైదీ! ఆయన పేరిట వెలసిన బారనీ సొసైటీ 2017లో ఈ పడవ నడక జబ్బుకు లక్షణాలు నిర్ణయించి ప్రకటించింది: మూడునెలలు దాటి, చాలా రోజులు వుండే తూలు; నిలబడినా, కదిలినా, కదిలేవాటిని చూసినా పెరగడం; ముందు ఏదో ఒక తలతిరుగుడో, జబ్బో, పెద్ద దిగులో వచ్చివుండటం. పొట్టిపేరు పీపీపీడీ. ప్రపంచ ఆరోగ్యసంస్థ జబ్బుల పట్టికలోకి కూడా ఎక్కింది. నూటయాభై ఏళ్ళు పట్టింది, చెవీ మనసూ ఒకే ఇంట్లో కాపురముంటాయని ఒప్పుకోవడానికి.

మందు విషయానికి వస్తే, దిగులుకు ఇచ్చే మాత్రల జాతిలోనిదే ఒకటి చిన్న మోతాదులో ఇచ్చారు. తలతిరుగుడు మాత్రలు మాత్రం మాన్పించారు. అవి ఎక్కువకాలం మింగితే మెదడు తిరిగి నేర్చుకోవలసింది నేర్చుకోదట. అసలు మందు నడక. బొటనవేలు ఎదురుగా పెట్టుకొని, దానిమీద చూపు నిలిపి తల అటూ ఇటూ తిప్పడం. మడమకు వేలు తాకిస్తూ గీతమీద నడవడం. ఏ చోట భయమో ఆ చోటికి రోజూ కాస్తకాస్త వెళ్ళడం. "ఊపిరి నింపాదిగా తీయండి. గోడ పట్టుకోకండి," అన్నారు. మా వీధిలో పిల్లలు నన్ను చూసి, మాస్టారు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారని చెప్పుకొన్నారు.

అన్ని తలతిరుగుళ్ళూ ఇలాంటివేనని మాత్రం ఎవరూ అనుకోకూడదు. మా ఆవిడ పిన్నమ్మ ఒకావిడ వుంది. మెట్టలో రెండెకరాల మిరప. భర్త పోయి మూడేళ్ళు. ఆవిడకు లేచినా కూర్చున్నా కళ్ళు చీకట్లు. "మొగుడి మీద బెంగ" అని వూరంతా తేల్చింది. నా సంగతి విన్నాక ఇంకా గట్టిగా తేల్చింది. డాక్టరుగారు ఒక్క నెత్తురు పరీక్ష చేయించారు. పన్నెండు గ్రాములకు తక్కువ కాకూడని నెత్తురు ఏడు గ్రాములుంది. ఇనుము మాత్రలు వేసుకొని, ఇప్పుడు నాకన్న వడిగా నడుస్తుంది. పత్తికి మందు కొట్టి వచ్చిన రైతు తల తిరుగుతున్నదంటే, చొంగ కారుతూ చెమటలు పోస్తూ వుంటే, అది బెంగా కాదు, పైత్యమూ కాదు, ఒంట్లోకి పోయిన విషం. నిమ్మకాయనీళ్ళతో పోయేది కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో కొన్ని వందలమంది వున్నట్టుండి తల తిరిగి, మూర్ఛలు వచ్చి పడిపోతే, ఢిల్లీ ఎయిమ్స్‌వారు నెత్తురు పరీక్షించి సీసం, నికెల్ కనిపించాయన్నారు. ఇక మాట తడబడటం, మూతి వంకరపోవడం, వస్తువులు రెండుగా కనపడటం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, ఎన్నడూ ఎరగని తలనొప్పి - వీటిలో ఏది తోడైనా ఒక్క నిమిషం ఆలోచించవద్దు. మా నాన్నగారి సంగతి చెప్పాను గదా.

మూడునెలల అభ్యాసం తరువాత ఒక శనివారం పేట బస్సెక్కాను. కిటికీ పక్కనే కూర్చున్నాను, అది డాక్టరుగారి ఆజ్ఞ. సిమెంటు లారీలు ఎదురుగా వచ్చి పక్కనుంచి హోరుమని పోతుంటే కడుపులో తిప్పింది. కళ్ళు మాత్రం మూయలేదు. చిల్లకల్లు వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది.

పేట గురించి ఒకమాట. దీని పాతపేరు బేతవోలు. 1783 నుంచి 1816 దాకా జమీందారీ ఏలిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గన్న పేర దీన్ని పేటగా కట్టాడు. ఆ నాయుణ్ణి గురించి మావైపు ఇళ్ళలో చెప్పుకొనే కథ ఒకటి వుంది. దారిదోపిళ్ళు చేస్తున్నారన్న కోపంతో చెంచులను భోజనానికని పిలిచి, వరసగా నిలబెట్టి నరికించాడట. ఆ చోటే నరుకుళ్ళపాడు అంటారు. ఆ తరువాత ఆయన పీటమీద కూర్చుంటే విస్తట్లో అన్నం పురుగులై కనిపించేదట. వైద్యులు వచ్చారు, మంత్రాలవాళ్ళు వచ్చారు; ఆ రాజు అన్నం తినలేడు. చివరకు అమరావతి చేరి, అమరేశ్వరుణ్ణి పట్టుకొని, గుళ్ళూ అన్నదానాలతో బతుకు గడిపాడని చెబుతారు. చరిత్రలో ఎంత, కథలో ఎంత అని విడదీయడం నా పని కాదు. నన్ను పట్టుకొన్నది ఒకటే. ఆ కథ అల్లిన జనానికి, మనసులోది ఒంట్లోకి దిగుతుందనీ, నోటిదాకా వచ్చిన ముద్దను ఆపగలదనీ తెలుసు. ఆ రాజుకు అబద్ధపు జబ్బు అని ఏ ముసలమ్మా అనలేదు. మరి మనింట్లో మనిషి "తల తిరుగుతున్నది" అంటే పరీక్షలు బాగున్నాయి గనుక నటన అనేస్తాం.

మర్నాటి పొద్దున ధనంబోడు ఎక్కాను. పేట పక్కనే వున్న చిన్నకొండ. పెద్ద ఎక్కుడేం కాదు. ఆ ఏడాది నాకు అదే శ్రీశైలం. పైన బౌద్ధస్తూపం శిథిలాలున్నాయి. 1882లో బర్జెస్ దొర వచ్చి తవ్వించి, అమరావతితో కలిపి 1887లో పుస్తకం వేశాడు. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో ఏట, అంటే మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి ఈ చైత్యానికి అయిదు ఆయక స్తంభాలు ఎత్తించినట్టు ప్రాకృత శాసనం వుంది. మంచి శిల్పాలు చెన్నై మ్యూజియానికి వెళ్ళిపోయాయి. వాటిలో చక్రవర్తి పలక ఒకటి చాలా పేరుపొందింది: రాజు చెయ్యెత్తితే ఆకాశం నుంచి నాణేలు కురుస్తుంటాయి. మాంధాత అని పండితులంటారు. బౌద్ధకథలో ఆ మాంధాత స్వర్గందాకా పోయి ఇంద్రుని అర్ధాసనంమీద కూర్చుని, మిగతా సగం కూడా కావాలనుకొనేసరికి, జారి భూమ్మీద పడతాడు. పైనుంచి పడటం గురించిన కథే నాకు ఆ రోజున జ్ఞాపకం రావాలా! అక్కడ నిలబడి పేటను చూశాను. నేల ఒకసారి మెల్లగా వూగింది. పట్టుకోవడానికి రాయి వుంది, పట్టుకోలేదు. నింపాదిగా ఊపిరి తీసి నిలబడ్డాను. వూగి, తగ్గింది.

దిగి ఇంటికి వచ్చి, నూతిచప్టా దగ్గర కాళ్ళు కడుక్కొంటూ మొదటిసారి అమ్మకు అంతా చెప్పాను. పేపర్లు దిద్దడం కాదనీ, రాలేకపోయాననీ. అమ్మ బియ్యం చేట కింద పెట్టింది.

"నాకూ తూలుతూనే వుందిరా నాయనా, మీ నాన్న పోయినప్పటినుంచీ," అన్నది. "ఈ చప్టా దగ్గరికి వస్తే మరీను. అందుకే పొద్దున్నే గోడ పట్టుకొని వస్తాను. నీతో చెబితే హడలిపోతావని చెప్పలేదు."

ఇద్దరం ఒకరినొకరం చూసుకొన్నాం. ఏడాదిగా నేను నందిగామలో బల్ల పట్టుకొని, ఆవిడ పేటలో గోడ పట్టుకొని! ఆ పూట ఇద్దరం నాన్నగారి గురించి చాలాసేపు మాట్లాడుకొన్నాం. ఆయన కోపాలూ, ఆయన చుట్టలూ, పత్తి ధర పడిపోయిన ఏడు ఆయన రాత్రంతా అరుగుమీద కూర్చోవడమూ. ఏడ్చాం కూడా. అప్పుడు ఏడ్వనిది కాబోలు.

ఆవిడను ముందు డాక్టరుగారికే చూపించాను, మనసే అని నేను తేల్చెయ్యకూడదు గదా. రక్తపోటు మాత్రల మోతాదు ఎక్కువై, లేచి నిలబడగానే పోటు పడిపోతున్నదన్నారు. తగ్గించారు. సగం తూలు దానితో పోయింది. మిగతా సగానికి నడక చెప్పారు.

కార్తీకంలో ఇద్దరం వేదాద్రి వెళ్ళాం. పేట నుంచి పది కిలోమీటర్లుంటుంది. యోగానంద నరసింహస్వామి కృష్ణ ఒడ్డున కొలువున్నాడు; గుడి దగ్గరనుంచి మెట్లు తిన్నగా నదిలోకి దిగుతాయి. నీళ్ళూ మెట్లూ రెండూ కలిసిన చోటు మాలాంటివాళ్ళకు గడ్డు పరీక్షే. కెరటాలు ఎండలో తళతళలాడుతుంటే మెట్టు కదులుతున్నట్టే వుంటుంది. స్నానాలకు వచ్చిన జనం, దీపాలు వదిలే ఆడవాళ్ళు, జారుడుగా వున్న రాయి.

"నా చెయ్యి పట్టుకో అమ్మా," అన్నాను.

"నువ్వు పట్టుకొంటున్నావా, నన్ను పట్టుకోమంటున్నావా?" అని నవ్వింది. ఇద్దరం చేతులు వదిలేశాం. ఆవిడ చీరకుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకొని, పైకే మెట్లు లెక్కపెడుతూ దిగింది. నేను రెండు మెట్లు వెనకగా వున్నాను. మధ్యలో ఒకచోట ఆగింది, నేనూ ఆగాను. వెనక వస్తున్న ఒకావిడ "ఏం పిన్నిగారూ, కాలు నొప్పా?" అని అడిగితే, "లేదమ్మా, తల తూలింది. పోతుందిలే," అన్నది, చుట్టూ వున్నవాళ్ళందరికీ వినపడేలా. తరువాత మళ్ళీ మెట్టు లెక్క ఎక్కడ ఆపిందో నన్నడిగి, అక్కణ్ణుంచి మొదలుపెట్టింది.